బూడిద, చెల్కమట్టి, గ్రానైట్ బురద: హైదరాబాద్‌లో సొంతంగా గ్లేజ్ చేసుకోవడం ఎలా

పాటరీ నేర్చుకునేవాళ్లు కొన్నాళ్లకు ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు. ఎప్పుడూ డబ్బా గ్లేజులు, అంటే పాత్ర మీద పూసి కాలిస్తే గాజులా మెరిసే పూతలు, కొని పూసుకోవడమేనా, మన చుట్టూ దొరికేవాటితో ఏమీ కాదా అని. భేషుగ్గా అవుతుంది. కట్టెల బూడిద, ఎర్రమట్టి ఉంటే మొదలుపెట్టొచ్చు, మూడోది కావాలంటే గ్రానైట్, దానికి ఈ ఊళ్లో కొదవే లేదు. కాకపోతే ఎవరో ఎక్కడో రాసిన కొలతలు ఉన్నవి ఉన్నట్టు దించితే పని జరగదు, ఎందుకంటే వాళ్ల బూడిద వేరు, మీ బూడిద వేరు, ఆ మాటకొస్తే ఈ నెల బకెట్‌లోది వేరు, వచ్చే నెల బకెట్‌లోది వేరు. అందుకే కొలతల కన్నా, మీ కొలతలు మీరే కనుక్కునే పద్ధతి గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందే ఒక విషయం తేల్చేద్దాం. కుమ్మరి ఆవంలో కాల్చే కుండల మీద ఇది పనిచేయదు. ఆవం వేడి 900 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, బూడిద, మట్టి కలిపిన పూత కరిగి గాజు కావాలంటే 1220 డిగ్రీలైనా దాటాలి, 1280 అయితే ఇంకా సుఖం. అంత వేడిలో మామూలు ఎర్రమట్టి కుండను పెడితే అది ఉబ్బి, వంగి, కిల్న్ (పాత్రలు కాల్చే బట్టీ) షెల్ఫ్‌కు అతుక్కుపోతుంది. కాబట్టి పాత్రకు మాత్రం ఆ వేడికి తట్టుకునే స్టోన్‌వేర్ మట్టి కొనాల్సిందే. మన ఎర్రమట్టి ఆ వేడికి పాత్రగా ఎందుకు పనికిరాదో, అదే కారణానికి గ్లేజ్‌గా బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఎందుకంటే దాంట్లో ఇనుము ఎక్కువ, తొందరగా మెత్తబడి కరుగుతుంది. మొత్తం పాత్రంతా "లోకల్" మట్టితోనే చేస్తానని పట్టుబట్టేవాళ్లు ఉంటారు, వాళ్లకు నా సలహా ఒకటే: పాత్రను కొన్న మట్టితో చేసి, దాని మీద పూతను లోకల్‌గా చేయండి. షెల్ఫులు మిగులుతాయి, స్నేహాలూ మిగులుతాయి.

ఇక ఇదంతా ఎలా పనిచేస్తుందంటే, గ్లేజ్ అంటే గాజే. ఇసుకలో, మట్టిలో ఉండే సిలికా గాజవుతుంది, కానీ అదొక్కటే కరగాలంటే 1700 డిగ్రీలు కావాలి. బూడిదలో ఉండే సున్నం, పొటాష్ ఆ వేడిని బాగా కిందికి దించుతాయి. మట్టిలో సిలికాతో పాటు అల్యూమినా ఉంటుంది, కరిగిన గాజు పాత్ర మీంచి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. రంగు మట్టిలోని ఇనుము ఇస్తుంది. ఇంతే. మనం చేసేదల్లా ఈ మూడింటినీ సరైన పాళ్లలో కలపడం.

బూడిద తెచ్చుకోవడం

కట్టెను కాలిస్తే మిగిలే బూడిద దాని బరువులో దాదాపు నూరో వంతు మాత్రమే, అంటే వంద కిలోల కట్టె కాలిస్తే కిలో చేతికొస్తే గొప్ప. ఇంట్లో నాలుగు పుల్లలు కాల్చి గ్లేజ్ చేద్దామంటే అయ్యే పని కాదు. రోజూ కట్టెలు కాలే చోటు వెతకాలి. రంజాన్ నెలలో అయితే గల్లీ గల్లీకి హలీం భట్టీలు ఉంటాయి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కట్టెలు మండుతూనే ఉంటాయి, మర్నాడు ఉదయం పొయ్యి ఊడ్చేటప్పుడు వెళ్లి అడిగితే బస్తా నింపి ఇస్తారు, పైగా వాళ్లకు పారబోసే పని తప్పుతుంది. మిగతా నెలల్లో కట్టెల పొయ్యి మీద వండే హోటళ్లు, పాతబస్తీలో కట్టెలతో నడిచే బేకరీలు, ఫంక్షన్ హాళ్ల వెనక వంటలు చేసే చోటు. ఏ కట్టె అని అడిగి రాసుకోండి. తుమ్మా, చింతా, సరుగుడా, మామిడా అన్నది చాలాసార్లు వాళ్లకే తెలియదు, అన్నీ కలిసే ఉంటాయి, ఫర్వాలేదు. కట్టె పేరు తెలియడం కన్నా బూడిద ఒకేసారి ఎక్కువ తెచ్చుకోవడం ముఖ్యం.

వద్దనుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. భోగి మంట బూడిద చాలామంది అడుగుతారు. అందులో పాత కుర్చీలు, రంగులేసిన తలుపులు, ప్లాస్టిక్, మేకులు అన్నీ పడతాయి, పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు, ముట్టుకోకండి. ప్లైవుడ్ ముక్కలు కాల్చే చోటిదీ వద్దు. బయట వర్షానికి నానిన బూడిదలో పొటాష్ చాలావరకు కొట్టుకుపోయి ఉంటుంది, అది వాడొచ్చు గానీ పొడి బూడిదలా పనిచేస్తుందని అనుకోవద్దు. తెచ్చిన బూడిదను ఇనుప డబ్బాలోనో, సిమెంటు నేల మీదో ఒకటి రెండు రోజులు ఉంచండి, పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు ఉంటుంది, ప్లాస్టిక్ బకెట్ అడుగు కరిగిపోతుంది.

ఊక బూడిద కూడా దొరికితే విడిగా కొంచెం తెచ్చి పెట్టుకోండి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో బాయిలర్లకు ఊకే ఇంధనం, కాబట్టి ఆ బూడిద గుట్టలు గుట్టలుగా ఉంటుంది. దీన్ని కట్టెల బూడిదతో కలిపేయకండి, రెండూ చూడ్డానికి బూడిదే అయినా ఎదురెదురు పనులు చేస్తాయి: కట్టె బూడిదలో సున్నం ఎక్కువ, కరిగిస్తుంది. ఊక బూడిదలో తొంభై శాతం దాకా సిలికానే, అది కరగడానికి ఇంకొకరి సాయం కావాలి.

కడగాలా, వద్దా

ఇక్కడ తొందరపడకండి, అసలు పని ఇదే. ముందు మాస్కు, రబ్బరు గ్లవ్స్ పెట్టుకోండి. మాస్కు అంటే గుడ్డ కాదు, ఎన్95. మన అమ్మమ్మలు ఉత్త చేత్తో బూడిద పెట్టి గిన్నెలు తోమారు కదా అంటారు, నిజమే, కానీ వాళ్లు చిటికెడు తీసుకుని తోమారు, మీరు బకెట్ బూడిదను నీళ్లలో పిసుకుతున్నారు. ఆ నీళ్లు ఘాటైన క్షారం, చేతులు పగులుతాయి, కంట్లో పడితే ప్రమాదం.

పెద్ద బకెట్‌లో సగానికి నీళ్లు పోసి బూడిదను నెమ్మదిగా అందులోకి వదలండి. బూడిద మీద నీళ్లు పోస్తే దుమ్ము లేస్తుంది, కాబట్టి ఎప్పుడూ నీళ్లలోకే బూడిద. కర్రతో కలిపి పది నిమిషాలు ఆగితే బొగ్గు ముక్కలు, కాలని పుల్లలు పైకి తేలతాయి, వాటిని టీ జల్లెడతో తీసేయండి. అడుగున మేకులు, ఇసుక, రాళ్లు దిగుతాయి. మధ్యలో ఉన్న బూడిద రంగు నీళ్లను ఇంకో బకెట్‌లోకి జల్లెడ మీదుగా వంపండి, మొదట వంటింటి పిండి జల్లెడ, తర్వాత 60 లేదా 80 మెష్ (అంటే అంగుళానికి అన్ని కన్నాలు) స్టీలు జల్లెడ. ఈ 80 మెష్ జల్లెడ ఒకటి కొనుక్కోండి, గ్లేజ్ పనిలో దానికి ప్రత్యామ్నాయం లేదు. పాత నైలాన్ చున్నీతో సరిపెట్టుకోవచ్చు అంటారు గానీ, చిరిగిన చోట ఒక్క ఇసుక రేణువు జారినా అది మీ టీ కప్పు అంచు మీదే తేలుతుంది.

రాత్రంతా కదపకుండా ఉంచితే బూడిద అడుగుకు దిగి పైన లేత పసుపు నీళ్లు తేరుకుంటాయి. గ్లవ్స్ వేసుకున్న వేళ్ల మధ్య ఆ నీటిని రుద్ది చూడండి, సబ్బు నీళ్ల మాదిరి జారుతుంది. ఆ జారుడే పొటాష్. ఈ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు పోసి, కలిపి, మళ్లీ తేరనిచ్చి, ఇలా ఆ జారుడు తగ్గేదాకా చేయాలి. వంపిన నీళ్లను మొక్కలకు పోయకండి, మాడిపోతాయి. బాగా పల్చన చేసి మోరీలో వదలండి.

కడగకుండా వాడితే ఏమవుతుంది? ఇంకా బాగా కరుగుతుంది, ఆ మాట నిజమే. కానీ నీళ్లలో కరిగే పొటాష్ గ్లేజ్ బకెట్‌లో నిలకడగా ఉండదు, పాత్ర గోడల్లోకి ఇంకుతుంది, ఆరేటప్పుడు అంచుల దగ్గర పేరుకుంటుంది, ఒక పాత్రకు ఇంకో పాత్రకు పొంతన కుదరదు. మొదటిసారి చేసేవాళ్లు రెండు మూడుసార్లు కడిగి ఆపేయండి, అది మధ్యేమార్గం. తర్వాత ముద్దను గుడ్డలో కట్టి వేలాడదీసి, పళ్లెంలో పరిచి డాబా మీద ఎండబెట్టండి. ఏప్రిల్ ఎండకు తొందరగానే గట్టి పెచ్చులవుతుంది, వానాకాలంలో అయితే దేవుడే దిక్కు.

మట్టి

హైదరాబాద్‌లో మట్టి వెతకడానికి ఊరు దాటక్కర్లేదు. ఏ కాలనీలో చూసినా ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ గుంత తవ్వుతూనే ఉంటారు, ఆ గుంత గోడ చూస్తే పొరలు కనిపిస్తాయి: పైన ఎర్రటి చెల్కమట్టి, దాని కింద మొరం, ఇంకా కింద అసలు బండ. మొరం అంటే ఏళ్ల తరబడి చివికిపోయిన గ్రానైటే, దాంట్లో ఫెల్డ్‌స్పార్ (గ్లేజ్ కరగడానికి సాయపడే ఖనిజం), పలుగురాయి, మట్టి కలిసే ఉంటాయి, జల్లెడ పడితే కిందికి దిగేది మనకు పనికొచ్చే సరుకు. వాచ్‌మన్‌ను అడిగి సంచి నింపుకోండి. అంత ఓపిక లేకపోతే కుమ్మరుల దగ్గర శుద్ధి చేసిన మట్టి ముద్ద కొనుక్కోండి, వాళ్లు సగం పని చేసేసి ఉంటారు. హుస్సేన్ సాగర్, మూసీ పక్కన మట్టి మాత్రం వద్దు, ఏ ఫ్యాక్టరీ వ్యర్థం దాంట్లో చేరిందో చెప్పలేం.

నల్లరేగడి దొరికితే జాగ్రత్త. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే విపరీతంగా కుంచించుకుపోతుంది, పూతలో ఎక్కువ వేస్తే ఆరగానే బీటలు వారి, కిల్న్‌లో ముద్దలు ముద్దలుగా ముడుచుకుపోతుంది. పైగా దాంట్లో సున్నపు గడ్డలు ఉంటాయి. కొంచెం మట్టి మీద నిమ్మరసం పిండి చూడండి, బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టు. గ్లేజ్‌కు అది దోషం కాదు, కానీ బూడిదలోనూ సున్నమే ఉంది కాబట్టి బూడిద పాలు తగ్గించుకోవాలి.

మట్టిని ముందు ఎండలో కరకరలాడేలా ఎండబెట్టి, తర్వాతే నీళ్లలో వేయండి. పచ్చి ముద్దను నీళ్లలో వేస్తే రోజుల తరబడి అలాగే ఉంటుంది, ఎండిన గడ్డ అయితే నిమిషాల్లో బుడగలు కక్కుతూ విచ్చుకుంటుంది. కలిపి, ఇసుక దిగనిచ్చి, పైనున్న పల్చటి బురదను 80 మెష్‌లో వడగట్టి, ఎండబెట్టి పొడి చేసుకోవడమే. ఆరాక మరీ కుంచించుకుపోతున్నట్టు అనిపిస్తే ఆ పొడిలో సగాన్ని బిస్క్ ఫైరింగ్‌లో, అంటే గ్లేజ్ పూయకముందు కాల్చే మొదటి విడతలో, ఒక గిన్నెలో పెట్టి కాల్చేయండి. కాలిన మట్టి ఇక ముడుచుకోదు, మిగిలిన పచ్చి సగం పూతను పట్టి ఉంచడానికి సరిపోతుంది.

అన్నిటికన్నా ముందు ఒక చిన్న పరీక్ష: స్టోన్‌వేర్ మట్టితో అరచేతిలో పట్టే గిన్నె చేసి, అందులో మీ మట్టి పొడి చెంచాడు పోసి, గ్లేజ్ ఫైరింగ్‌లో (గ్లేజ్ కరిగేలా కాల్చే రెండో విడతలో) పెట్టి చూడండి. ముదురు గోధుమ రంగులో నిగనిగలాడే మడుగైతే మీ పని సగం అయినట్టే. గట్టిపడి అలాగే కూర్చుంటే దానికి బూడిద ఎక్కువ కావాలి.

గ్రానైట్ బురద

కిచెన్ ప్లాట్‌ఫారాలకు గ్రానైట్ కోసే షాపుల్లో నీళ్లు పోస్తూ కోస్తారు కదా, రంపం కింద పేరుకునే బురద ఉంటుంది, ఎండితే ఇది ముఖానికి వేసుకునే పౌడరంత మెత్తగా ఉంటుంది, మనం రోజంతా నూరినా అంత మెత్తన రాదు. గ్రానైట్‌లో ఫెల్డ్‌స్పార్, సిలికా రెండూ ఉంటాయి కాబట్టి కొన్న ఫెల్డ్‌స్పార్ బదులు దీన్ని వాడొచ్చు. బూడిద, మట్టి రెండే కలిపినప్పుడు గరుకుగా ఉండే గ్లేజ్ ఇది పడితే నునుపు తేలుతుంది. బూడిద రంగు, గులాబీ రంగు రాళ్లు కోసిన రోజు అడిగి తెచ్చుకోండి. బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది నిజానికి గ్రానైట్ కాదు, వేరే రాయి, ఇనుము ఎక్కువ, గ్లేజ్ నల్లబడుతుంది. మార్బుల్ కోసినది కలిస్తే అది ఉత్త సున్నం. ఈ పొడిని పొడిగా ఊడ్చడం, దులపడం చేయొద్దు, సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు, ఎప్పుడూ తడి గుడ్డతో తుడవండి.

కొలతలు కనుక్కోవడం

తొమ్మిది పేపర్ కప్పులు వరసగా పెట్టండి. మొదటి కప్పులో 90 గ్రాముల బూడిద, 10 గ్రాముల మట్టి, రెండోదాంట్లో 80, 20, అలా చివరిదాంట్లో 10, 90. డిజిటల్ కాంటా వాడండి, చెంచాలతో కొలిస్తే కుదరదు, బూడిద తేలిక, మట్టి బరువు. ఒక్కోదాంట్లో నీళ్లు పోసి చిక్కటి మజ్జిగలా కలిపి, జల్లెడ పట్టి, బిస్క్ చేసిన టెస్ట్ టైల్ (పరీక్ష కోసం చేసుకున్న చిన్న మట్టి పలక) ముంచండి. టైల్ నిలువుగా నిలబడేలా ఎల్ ఆకారంలో చేసుకోండి, పడుకోబెట్టిన టైల్ మీద ఏ గ్లేజైనా బుద్ధిమంతుడిలాగే ఉంటుంది, కారుతుందో లేదో నిలువు గోడ మీదే తెలుస్తుంది. పైసగం రెండోసారి ముంచితే పల్చన ఎలా ఉందో, మందం ఎలా ఉందో ఒకే టైల్‌లో కనిపిస్తుంది. వెనక నంబరు ఐరన్ ఆక్సైడ్‌తో రాయండి, మార్కర్ కాలిపోతుంది.

కిల్న్‌లోంచి తీశాక వరసగా కిటికీ దగ్గర పెట్టి చూడండి. బూడిద మరీ ఎక్కువున్న టైళ్లు పెచ్చులు కట్టినట్టు గరుకుగా, పసుపు పచ్చగా ఉంటాయి. మట్టి ఎక్కువున్నవి ముదురు గోధుమ రంగులో, కొన్నిసార్లు బొబ్బలతో. మధ్యలో ఎక్కడో, చాలావరకు 60–40 నుంచి 40–60 మధ్య, రెండు మూడు టైళ్లు నిజంగా కరిగి ఉంటాయి, వాటి మీద తేనె రంగు గాజు సన్నటి పాయలు పాయలుగా విడిపోయి దిగుతూ ఉంటుంది, పాయకూ పాయకూ మధ్య ముదురు రంగు, పాయ అడుగున మందపాటి బొట్టు. బూడిద గ్లేజ్ కోసం ఇంత తంటాలు పడేది దీనికోసమే. ఆ టైల్ నంబరే మీ రెసిపీ.

అది 1280 డిగ్రీల, అంటే కోన్ 10 (కోన్ అంటే పాటరీలో కిల్న్ వేడిని చెప్పే అంకె) దరిదాపుల మాట. మన స్టూడియోల ఎలక్ట్రిక్ కిల్న్‌లో ఎక్కువగా కోన్ 6, అంటే సుమారు 1220 నుంచి 1240 దాకానే కాలుస్తారు, అక్కడ ఒక్కోసారి ఏ టైలూ పూర్తిగా కరగదు. అప్పుడు నూరు గ్రాముల మిశ్రమానికి 10 నుంచి 20 గ్రాముల బోరాన్ ఫ్రిట్ (తక్కువ వేడికే కరిగే గాజు పొడి) పైన కలపండి. ఇదొక్కటి కొనక తప్పదు, ఇది మోసం అనుకునేవాళ్ల మాట పట్టించుకోకండి.

మూడూ కలిపి చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు కదా, కోన్ 10కి 40 బూడిద, 40 గ్రానైట్ లేదా ఫెల్డ్‌స్పార్, 20 మట్టి అనేది ఎప్పటినుంచో నలిగిన లెక్క. అక్కణ్నుంచి ఐదైదు గ్రాములు అటూ ఇటూ జరుపుకుంటూ పోండి. మట్టి బదులు ఊక బూడిద వేసి మూడూ ఇంచుమించు సమానంగా కలిపితే పాలలాంటి తెలుపు, మందంగా ఉన్న చోట నీలి ఛాయ వస్తుంది, జపాన్‌లో ఇలాంటిదే వరిగడ్డి బూడిదతో చేస్తారు. మట్టి లేకపోతే అడుగున గట్టిగా పేరుకుంటుంది కాబట్టి దీన్ని మాటిమాటికీ కలుపుతుండాలి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా సెలడాన్ పాత్రలు చూసి ఆ పచ్చ రంగు కావాలని చాలామంది అడుగుతారు. ఆ పచ్చ కూడా ఇనుమే, ఒకటి రెండు శాతం, కానీ ఆక్సిజన్ అందకుండా పొగతో కాల్చాలి, దానికి గ్యాస్ కిల్నో, కట్టెల కిల్నో ఉండాలి. ఎలక్ట్రిక్ కిల్న్‌లో అదే గ్లేజ్ తేనె రంగుకే వస్తుంది. బాధపడకండి, తేనె రంగూ బాగానే ఉంటుంది.

పూయడం, కాల్చడం

100 మిల్లీలీటర్ల గ్లేజ్ తూస్తే 140 నుంచి 150 గ్రాములు ఉండాలి. 900 నుంచి 1000 డిగ్రీల మధ్య బిస్క్ అయిన పాత్రను తడి స్పాంజితో తుడిచి, రెండు మూడు సెకన్లు ముంచి తీయండి. అంచు దగ్గర మందం, కిందికి వచ్చేకొద్దీ పల్చన, అడుగున వేలెడు వెడల్పు అసలు పూయొద్దు. పాత్ర కింద స్టోన్‌వేర్ మట్టితో చేసిన పల్చటి పలక పెట్టండి, కారితే దాని మీద కారుతుంది. వేరేవాళ్ల కిల్న్‌లో కాలుస్తున్నారా, అయితే ఇది బూడిద గ్లేజ్ అని, కారుతుందని ముందే చెప్పండి, పలక మీద పెట్టి ఇవ్వండి, లేకపోతే రెండోసారి మీ కుండలు తీసుకోరు.

తినే పాత్రలకు వాడే ముందు నిమ్మచెక్క ఒకటి గ్లేజ్ మీద బోర్లించి రాత్రంతా ఉంచండి, పొద్దున కడిగితే ఆ చోట రంగు వెలిసినా, మెరుపు పోయినా ఆ పాత్ర పూలకే. సున్నం ఎక్కువున్న గ్లేజులు పులుపుకు తట్టుకోవు, మన ఇళ్లలో పచ్చిపులుసు, చింతకాయ తొక్కు, ఆవకాయ అన్నీ పులుపే కాబట్టి ఈ పరీక్ష తప్పించుకోవద్దు. పరీక్షలో నెగ్గినా ఊరగాయ నిల్వ పెట్టకండి, టీకి, అన్నానికి, పప్పుకు వాడుకోండి.

మిగిలిన గ్లేజ్ మూత గట్టిగా ఉన్న బకెట్‌లో పెట్టి, మూత మీద బూడిద ఎక్కణ్నుంచి, మట్టి ఏ కాలనీ గుంతలోది, ఎన్నిసార్లు కడిగారు, ఏ టైల్ నంబరు అనేవి రాసి పెట్టండి. కొన్ని వారాలకు గడ్డకట్టినట్టు చిక్కబడుతుంది, నీళ్లు పోసేముందు కర్రతో బాగా కలిపి చూడండి, చాలాసార్లు కలపడంతోనే విడిపోతుంది. బూడిద అయిపోయి కొత్త బస్తా తెచ్చినప్పుడు తొమ్మిది కప్పులూ మళ్లీ అక్కర్లేదు, పాత నంబరు, దానికి అటొకటి, ఇటొకటి, మూడు టైళ్లు కాలిస్తే చాలు.